80 దాటితే స్టీరింగ్ వణుకుతోంది, షాపులో నాలుగు టైర్లూ మార్చమంటున్నారు

అనంతపురం_అబ్బాయి
పోయిన శనివారం ఊరికి బయలుదేరాం. దేవనహళ్ళి దాటి రోడ్డు ఖాళీ అయ్యాక 80 దగ్గర స్టీరింగ్ సన్నగా వణకడం మొదలైంది. 90కి చేతులకు బాగా తెలుస్తోంది. 110కి కాస్త తగ్గింది. బెంగళూరులో రోజూ మారతహళ్ళి నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి తిరుగుతా, అక్కడ ఆ స్పీడు ఎక్కడిది, అందుకే ఎప్పటినుంచి ఉందో తెలియలేదు.
కారు 2018 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 68 వేలు తిరిగింది. టైర్ల సైజు 185/65 ఆర్15 (185 వెడల్పు మిల్లీమీటర్లలో, 65 అంటే వెడల్పులో పక్క గోడ ఎత్తు శాతం, 15 రిమ్ము అంగుళాల్లో). నాలుగూ 40 వేల దగ్గర మార్పించినవే. నిన్న ఇంటి దగ్గర టైర్ల షాపుకి తీసుకెళ్తే నాలుగు టైర్లు, ముందు రెండు షాకర్లు (షాక్ అబ్జార్బర్లు), రెండు లోయర్ ఆర్మ్‌లు (చక్రాన్ని బండి కింద పట్టి ఉంచే చేతులు) అని చెప్పి 41 వేలకి కొటేషన్ చేతిలో పెట్టారు. బండి పైకెత్తి చూసింది రెండు నిమిషాలు. సంక్రాంతికి అమ్మనీ పిల్లల్నీ తీసుకుని మళ్ళీ ఇదే రోడ్డు మీద వెళ్ళాలి. భయంగా ఉంది, డబ్బు సంగతీ ఉంది. ఏం చేయమంటారు?

వైట్‌ఫీల్డ్_వాసి
బ్యాలెన్సింగ్, అంటే చిన్న బరువులు అతికించి చక్రం చుట్టూ బరువు సమానం చేయించు. నాలుగు వందల్లో తేలిపోతుంది.

డీజిల్_దొర
28 వేలు తిరిగిన టైర్లు కదా, ఇంట్లోవాళ్ళతో హైవే మీద రిస్క్ ఎందుకు? మార్చేసి నిశ్చింతగా ఉండు. ప్రాణం ముందు డబ్బెంత?

స్పానర్‌బాబాయ్
దొరా, ప్రాణం సంగతి కాబట్టే ముందు కారణం పట్టుకోవాలి. కొత్త టైర్లు వేశాక కూడా అదే వణుకు వస్తే అప్పుడేం చేస్తాడు? తమ్ముడూ, వీటికి జవాబు చెప్పు.
వణుకు స్టీరింగ్‌లోనా, సీటు కిందా? స్టీరింగ్ అయితే ముందు చక్రాలు, సీటు, నేల అదిరితే వెనక చక్రాలు. ఎప్పుడూ ఇంతే అని కాదు, ఎక్కువసార్లు ఇంతే.
బ్రేక్ వేసినప్పుడు మాత్రమే వస్తుందా? అయితే డిస్కులు.
యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వచ్చి, కాలు తీయగానే పోతుందా? అయితే డ్రైవ్‌షాఫ్ట్ (ఇంజన్ శక్తిని చక్రానికి చేర్చే కడ్డీ) లోపలి జాయింట్.
గేరు న్యూట్రల్‌లో పెట్టి బండిని దొర్లనిచ్చినా ఉంటుందా? ఇది ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేనప్పుడు మాత్రమే చూడు. అప్పుడూ ఉంటే ఇంజన్‌ని అనుమానించక్కర్లేదు, చక్రాల్లోనే ఉంది రోగం.
చివరగా, ఈమధ్య గట్టిగా గుంతలో పడ్డావా?

అనంతపురం_అబ్బాయి
స్టీరింగ్‌లోనే బాబాయ్. బ్రేక్ వేస్తే తేడా లేదు. కాలు తీసినా ఉంటుంది, న్యూట్రల్‌లోనూ ఉంది. గుంత అంటే, అక్టోబరు వానల్లో వర్తూరు వైపు నీళ్ళు నిండిన గుంతలో ఎడమ చక్రం దబ్బున పడింది. అప్పుడు పంచరేమీ కాలేదని వదిలేశా. ఇంకోటి, స్పీడ్ బ్రేకర్ల మీద ముందు ఎడమవైపు టక్ టక్ అని వస్తోంది, అది మాత్రం పాతదే.

స్పానర్‌బాబాయ్
ఆ గుంత దగ్గరే సమాధానం ఉన్నట్టుంది. ఆ చక్రం ఊడదీయించి లోపలివైపు సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ చూడు. బయటివైపు అందరూ చూస్తారు, ఇంజన్ వైపు ఉండేది ఎవరూ చూడరు.

కేఆర్‌పురం_శ్రీలత
బాబాయ్ గారు చెప్పింది అక్షరాలా నిజం. మా కారుకి ఇదే జరిగింది. రెండుసార్లు బ్యాలెన్సింగ్ చేయించాం, రెండుసార్లూ అలాగే వణికింది. మూడో చోట ఆ అబ్బాయి చక్రం విప్పి నేల మీద పడుకోబెట్టి, చేత్తో చుట్టూ తడిమి "మేడం, టైర్ ఊదిదె" (టైరు ఉబ్బింది) అన్నాడు. నిమ్మకాయ సగం కోసి అతికించినంత ఉబ్బు, లోపలివైపు. మేము దాని మీదే రెండుసార్లు తిరుపతి వెళ్ళొచ్చాం. ఆ రాత్రి తలుచుకుంటే నిద్రపట్టలేదు.

ముల్‌బాగల్_మీదుగా
ఉబ్బు వస్తే ప్యాచ్ వేయించుకోవచ్చా అక్కా? మా దగ్గర ఒకాయన వేస్తానన్నాడు.

స్పానర్‌బాబాయ్
వద్దు. సైడ్‌వాల్ లోపల నూలు దారాల్లాంటి పోగులుంటాయి, గాలి ఒత్తిడిని మోసేవి అవే. గుంత అంచుకీ రిమ్ముకీ మధ్య టైరు నలిగితే ఆ పోగులు తెగుతాయి. తెగిన చోట రబ్బరు ఒక్కటే గాలిని ఆపుతూ ఉంటుంది కాబట్టి బయటికి ఉబ్బుతుంది. ప్యాచ్ రంధ్రాన్ని మూస్తుంది కానీ తెగిన పోగుల్ని కలపదు. ట్యూబ్‌లెస్ పంచర్ కూడా నేలకి ఆనే భాగంలో అయితేనే వేయించాలి, పక్క గోడలో మేకు దిగితే ఆ టైరు అయిపోయినట్టే.

జేసీరోడ్_రెగ్యులర్
నేను 11 ఏళ్ళుగా జేసీ రోడ్డులో స్పేర్ పార్టుల పని మీద తిరుగుతున్నా. ఒక మాట చెప్తా. బ్యాలెన్సింగ్ చేయించేటప్పుడు మెషీన్ స్క్రీన్ మీద అంకె చూడండి. మామూలుగా ఈ సైజు చక్రానికి 10, 20, 30 గ్రాములు అడుగుతుంది. 70, 80 అడిగితే సీసం ముక్కలు వరసగా అతికించి పంపించేస్తారు. అంత బరువు అడుగుతోందంటే రిమ్ము వంగిందో, టైరు గుండ్రంగా లేదో చూడాలి. చక్రం మెషీన్ మీద తిరుగుతున్నప్పుడు పక్కన ఒక స్క్రూడ్రైవర్‌ని కదలకుండా టైరుకి తగిలీ తగలనట్టు పట్టుకోమనండి. సందు పెరుగుతూ తగ్గుతూ ఉంటే కంటికే తెలిసిపోతుంది. సీసం పెడితే బరువు సరిపోతుంది, ఆకారం సరికాదు.

వైట్‌ఫీల్డ్_వాసి
నేను ఒక్క ముక్కలో తేల్చేశా, బాబాయ్ అడిగిన ప్రశ్నలు అడగాల్సింది. 80 నుంచి 110 మధ్యలోనే ఎందుకు వస్తుంది అన్నది మాత్రం నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

స్పానర్‌బాబాయ్
ఈ సైజు చక్రం ఒక్క చుట్టు తిరిగితే దాదాపు 1.95 మీటర్లు. 90 స్పీడులో సెకనుకి 25 మీటర్లు పోతావు, అంటే సెకనుకి 13 సార్లు తిరుగుతోంది. ఒకపక్క బరువు ఎక్కువుంటే సెకనుకి 13 కుదుపులు. సస్పెన్షన్, స్టీరింగ్ సహజంగా ఊగే వేగం దానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి అక్కడ వణుకు పెద్దదవుతుంది. ఉయ్యాలని సరిగ్గా వెనక్కొచ్చినప్పుడే తోసినట్టు. ఆ స్పీడు దాటితే తాళం తప్పుతుంది, అందుకే ఇతనికి 110లో తగ్గింది.

డీజిల్_దొర
బాగా చెప్పారు. కానీ నా మాట కూడా వినండి. టైరు వయసు చూసుకోమని ఎవరూ చెప్పలేదే? మా అన్నయ్య కారు 22 వేలే తిరిగింది, అరుగుదల లేదని తొమ్మిదేళ్ళు అవే టైర్లు ఉంచాడు. హోసూరు రోడ్డులో ఎండలో పగిలింది. దేవుడి దయ, ఎవరికీ ఏం కాలేదు. నేను మార్చమన్నది ఆ భయంతో.

కేఆర్‌పురం_శ్రీలత
దొర గారి భయం న్యాయమైనదే. సైడ్‌వాల్ మీద డీఓటీ అని మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలుంటాయి. 1422 అంటే 2022లో 14వ వారం. ఒక్కోసారి ఆ నాలుగు అంకెలు ఒకవైపే ఉంటాయి, లోపలివైపు పడితే కిందకి వంగి టార్చి వేసి చూడాలి. అయిదేళ్ళు దాటితే ఏడాదికోసారి విప్పించి పగుళ్ళు చూసుకోవాలి. ఎంత బాగున్నా పదేళ్ళకు మించి వాడకూడదని కంపెనీలే చెప్తాయి. మన ఎండలకి నేనైతే అంత దూరం పోనివ్వను.

అనంతపురం_అబ్బాయి
ఇప్పుడే కిందకి వెళ్ళి చూశా. నాలుగూ 1422. లోతు కొలిచే చిన్న గేజి ఆఫీసులో ఒకాయన ఇచ్చాడు, ముందువి 4.8, వెనకవి 5.2 మిల్లీమీటర్లు. స్టెప్నీ మాత్రం 2018దే, ఒక్కసారీ నేల తాకలేదు.

జేసీరోడ్_రెగ్యులర్
కొత్త టైరుకి సుమారు 8 ఉంటుంది. టైరు గాడుల మధ్యలో అడ్డంగా చిన్న రబ్బరు గట్లుంటాయి, అవి 1.6 దగ్గర ఉంటాయి, అరుగుదల అక్కడికి వస్తే ఇక తీసేయాల్సిందే. వానాకాలం నమ్మకంగా పోవాలంటే 3కే మార్చడం మంచిది. నీ టైర్లకి సగం జీవం మిగిలే ఉంది. ఆ నాలుగూ మార్చమన్న షాపుకి మళ్ళీ వెళ్ళకు.

ఘాట్‌రోడ్డు
టైరు అరిగిన తీరు చదివితే బండి జాతకం తెలిసిపోతుంది. అంచులు రెండూ అరిగి మధ్య మిగిలితే గాలి తక్కువ పెట్టి తిప్పారు. మధ్యలో మాత్రమే అరిగితే గాలి ఎక్కువ. లోపలి అంచు ఒక్కటే నున్నగా అయితే అలైన్‌మెంట్, అంటే చక్రాలు నిలబడే కోణం తప్పింది. అరచేత్తో టైరు మీద ఒకవైపు నిమిరితే మెత్తగా, రెండోవైపు నిమిరితే రంపం పళ్ళలా తగిలితే టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పింది. అక్కడక్కడా మచ్చలు మచ్చలుగా పల్లాలు పడితే షాకర్లు పోయాయి, లేదా చాన్నాళ్ళుగా బ్యాలెన్సింగ్ లేదు. అనంతపురం తమ్ముడూ, నీ షాకర్లు నిజంగా పోయుంటే ముందు టైర్ల మీద ఈ పల్లాలు చాలాసార్లు కనపడతాయి. ఒకసారి నిమిరి చూడు.

అనంతపురం_అబ్బాయి
నిమిరా అన్నా. నాలుగూ సమానంగానే ఉన్నాయి, చేతికి ఎక్కడా తగల్లేదు. షాకర్ల మీద నూనె తడి కూడా లేదు.

ముల్‌బాగల్_మీదుగా
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాకు వణుకు లేదు కానీ 50 దాటితే హూఁ అని మూలుగు, స్పీడుతో పాటు పెరుగుతుంది. టైర్ల శబ్దం అన్నారు. టైర్లు ముందువి వెనక, వెనకవి ముందు వేయించా, అలాగే ఉంది.

స్పానర్‌బాబాయ్
టైర్లు మార్చి వేసినా శబ్దం చోటు మారలేదంటే బేరింగ్. ఖాళీగా, వెడల్పుగా ఉన్న రోడ్డు మీద 60లో మెల్లగా ఎడమకి, కుడికి లేన్ మారి చూడు. ఎడమకి తిప్పితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు మూలుగు పెరిగితే కుడి బేరింగ్. కుడికి తిప్పితే పెరిగితే ఎడమది. తర్వాత జాకీ మీద లేపి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపించు, ఆట ఉంటే ఆలస్యం చేయకు. పూర్తిగా మలిపినప్పుడు కటకటమంటే అది వేరు, డ్రైవ్‌షాఫ్ట్ బయటి జాయింట్. దాని రబ్బరు బూటు చిరిగి గ్రీజు కారిపోయుంటుంది.

ముల్‌బాగల్_మీదుగా
కుడికి తిప్పితే పెరుగుతోంది. ఎడమ ముందుది. మెకానిక్ జాకీ ఎత్తి తిప్పగానే "బేరింగ్ హోగిదె సార్" (బేరింగ్ పోయింది) అన్నాడు. రేపు మార్పిస్తున్నా. చాలా చాలా థ్యాంక్స్ బాబాయ్, ఆరు నెలల బాధ తీర్చారు.

అనంతపురం_అబ్బాయి
అప్‌డేట్. విల్సన్ గార్డెన్‌లో వేరే షాపుకి వెళ్ళా. ముందు ఎడమ చక్రం ఊడదీయించి నేనే చూశా. ఉబ్బు ఉంది. శ్రీలత గారు చెప్పినట్టే లోపలివైపు, బొటనవేలు ఆనిస్తే పక్కన ఉన్న రబ్బరు కన్నా మెత్తగా లోపలికి పోతోంది. నా కడుపులో ఒక్కసారి తిప్పేసింది. పోయిన శనివారం పిల్లలు వెనక సీట్లో పాటలు పాడుతుంటే నేను ఈ టైరు మీద 110లో వెళ్ళాను.
రిమ్ము కూడా అక్కడే కొద్దిగా వంగింది, ఇనుప రిమ్ము కాబట్టి ఒక చోట సరిచేసి ఇచ్చారు. మెషీన్ మీద పెట్టి తిప్పి చూపించారు, అంచు ఇప్పుడు ఊగట్లేదు.
టక్ టక్ సంగతి: ర్యాంప్ మీద మెకానిక్ చేత్తో లింక్ రాడ్ (సస్పెన్షన్‌లో ఉండే చిన్న కడ్డీ) పట్టుకుని ఊపాడు, అది చేతిలోనే గలగలమంది. లోయర్ ఆర్మ్ బుష్‌ల (రబ్బరు కీళ్ళ) సందులో బార్ పెట్టి ఎత్తి చూశాడు, గట్టిగా ఉన్నాయి. షాకర్లు బాగున్నాయి. ఎడమ లింక్ రాడ్ ఒక్కటి మార్చాడు, శబ్దం పోయింది.
ఇప్పుడు అసలు ప్రశ్న. ఒక్క టైరు కొనాలా, రెండా? ఏది కొనాలి?

డీజిల్_దొర
నాలుగు మార్చమన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నా. కారణం పట్టుకోవడమే మంచిదైంది. రెండు కొను. ఒకే ఇరుసు మీద ఒకటి 8, ఒకటి 5 ఉంటే బ్రేక్ వేసినప్పుడు, తడిలో రెండు వైపులా పట్టు ఒకలా ఉండదు.

వైట్‌ఫీల్డ్_వాసి
రెండు. కొత్తవి ముందు వేయించు. ఇంజన్ లాగేది, స్టీరింగ్ తిరిగేది, బ్రేక్ ఎక్కువ పడేది ముందే కదా.

ఘాట్‌రోడ్డు
ఇక్కడ మాత్రం ఒప్పుకోను. కొత్తవి వెనకకే. తడి రోడ్డు మీద ముందు టైర్లు జారితే బండి తిన్నగా పోతుంది, కాలు తీస్తే స్పీడు తగ్గి పట్టు వస్తుంది, మామూలు మనిషి కూడా సంభాళించుకోగలడు. వెనక జారితే తోక తిరుగుతుంది, అర సెకనులో బండి అడ్డం తిరిగిపోతుంది. తిరుమల ఘాట్‌లో వానలో నాకు ఒకసారి వెనక జారింది. వెనకవి బాగా అరిగిన టైర్లు, ముందువి కొత్తవి. పిట్టగోడకి మూరెడు దూరంలో ఆగింది. ఆ రోజు నుంచి ఎవరు అడిగినా వెనకే అంటాను.

వైట్‌ఫీల్డ్_వాసి
కానీ ముందువే త్వరగా అరుగుతాయి, పాతవి ముందుంటే ఇంకా త్వరగా 3కి వస్తాయి.

ఘాట్‌రోడ్డు
రానీ. వచ్చినప్పుడు ఆ రెండూ మార్చు. అంతదాకా వెనక పట్టు భద్రంగా ఉంటుంది. ముందు వెనక రొటేషన్ పది వేలకోసారి అనేది నాలుగూ ఇంచుమించు సమానంగా ఉన్నప్పటి మాట.

వైట్‌ఫీల్డ్_వాసి
తోక తిరగడం గురించి ఆలోచించలేదు. సరే అన్నా, ఒప్పుకున్నా.

కేఆర్‌పురం_శ్రీలత
అలా అయితే ఇంకో లాభం. ముందు కుడి టైరు బాగానే ఉంది కదా. వెనకవి రెండూ ముందుకి, కొత్తవి రెండూ వెనకకి, మిగిలిన ఆ మంచి టైరు స్టెప్నీగా. 2018 స్టెప్నీ తీసేయండి. వాడలేదని రబ్బరు వయసు ఆగదు, డిక్కీ వేడిలో అదీ ముసలిదవుతుంది.

అనంతపురం_అబ్బాయి
ఇది నాకు తట్టనే లేదు. అలాగే చేస్తా. సైజు 195/65 వేసుకోమంటున్నాడు షాపాయన, పట్టు పెరుగుతుందట, ధర దాదాపు అంతే.

జేసీరోడ్_రెగ్యులర్
వద్దు తమ్ముడూ. ముందు రెండు ఒక సైజు, వెనక రెండు ఇంకో సైజు అయితే ఏబీఎస్‌కి (బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసేదానికి) లెక్క తప్పొచ్చు. నాలుగూ మార్చినా ఇది సరిపోదు. 185/65 ఆర్15 మొత్తం వ్యాసం 621 మిల్లీమీటర్ల పైచిలుకు. 195/65 అయితే 634 పైచిలుకు, రెండు శాతం ఎక్కువ. మీటరు 100 చూపిస్తే నువ్వు 102లో పోతుంటావు. వెడల్పే కావాలంటే 195/60 ఉంది, అది 615, ఒక్క శాతం తేడా. అయినా నువ్వు కొనేది రెండే కాబట్టి ఉన్న సైజే కొను.
సైజు తర్వాత వచ్చే 88హెచ్ లాంటిది కూడా చూడు. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది, హెచ్ అంటే 210 స్పీడు వరకు. నీ పాత టైరు మీద ఏముందో అంతకు తగ్గనివ్వకు. టి అంటే 190. మన రోడ్లకి అది చాలు కదా అంటారు, కానీ కంపెనీ ఏది పెట్టిందో దానికి కారణం ఉంటుంది.

ముల్‌బాగల్_మీదుగా
బ్రాండు ఏది? ఎమ్మార్ఎఫ్, అపోలో, సియట్, జేకే, బ్రిడ్జ్‌స్టోన్, యోకోహామా, మిషెలిన్... చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి.

స్పానర్‌బాబాయ్
అతని వెనక టైర్లు ఏ కంపెనీ ఏ మోడలో అదే దొరికితే అదే కొనమంటా, నాలుగూ ఒకేలా ప్రవర్తిస్తాయి. దొరక్కపోతే ఒక ఇరుసు మీద ఉన్న రెండూ తప్పకుండా ఒకే మోడల్ కావాలి. బ్రాండు పేరు కన్నా మోడల్ ముఖ్యం. ఒకే కంపెనీ లక్ష కిలోమీటర్లు వచ్చే గట్టి రబ్బరూ చేస్తుంది, తడిలో పట్టుకునే మెత్తటి రబ్బరూ చేస్తుంది. గుంతల్లో తిరిగేవాడికి సైడ్‌వాల్ గట్టిగా ఉన్నది కావాలి, కుటుంబంతో హైవే మీద వానలో పోయేవాడికి తడి పట్టు కావాలి. ఇద్దరూ నువ్వే కాబట్టి మైలేజీ కోసం వాటిని వదులుకోకు. ఐఎస్ఐ గుర్తు చూసుకో. తయారీ వారం ఆరు నెలల లోపుదైతే మేలు, బిల్లులో ఆ నంబరు రాయించుకో.

డీజిల్_దొర
బిగించేటప్పుడు పక్కనే నిలబడు. కొన్ని మోడళ్ళకి ఒకవైపు అవుట్‌సైడ్ అని రాసుంటుంది, అది బయటికే రావాలి. కొన్నిటికి బాణం గుర్తు ఉంటుంది, బండి ముందుకి పోయేటప్పుడు అటే తిరగాలి. మాకు ఒకసారి ఉల్టా వేశారు, వానలో తెలిసింది.

ఘాట్‌రోడ్డు
గాలి ఎంత పెట్టాలో డ్రైవర్ తలుపు తెరిస్తే స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది, అదే లెక్క. టైరు మీద 51 పీఎస్ఐ అని రాసుంటే అది ఆ టైరు తట్టుకునే గరిష్ఠం, మనం పెట్టేది కాదు. బండి నిండా జనం, సామాను ఉంటే అదే స్టిక్కర్‌లో వెనకకి వేరే అంకె ఇస్తారు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చూడు. వేడెక్కాక నాలుగు ఎక్కువ చూపిస్తుంది, కంగారుపడి తీసేయకు.

ముల్‌బాగల్_మీదుగా
నైట్రోజన్?

స్పానర్‌బాబాయ్
మామూలు గాలిలో 78 శాతం అదే. ఉచితంగా పెడితే పెట్టించుకో. నైట్రోజన్ పెట్టించాం కదా అని మూడు నెలలు గేజి పెట్టకుండా తిరిగేవాళ్ళున్నారు, అది ప్రమాదం.

అనంతపురం_అబ్బాయి
అందరికీ చెప్పకపోతే తప్పవుతుంది. పాతవాటి మోడలే దొరికింది, రెండు కొన్నా, ఒక్కోటి 5,400. లింక్ రాడ్, రిమ్ము, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ అన్నీ కలిపి మొత్తం 15 వేల లోపే. కొత్తవి వెనక, పాత వెనకవి ముందు, ముందు కుడిది స్టెప్నీలోకి. బ్యాలెన్సింగ్‌లో నాలుగూ 25 గ్రాముల లోపే అడిగాయి, అంకె ఫోటో తీసుకున్నా.
భోగి ముందు రోజు తెల్లవారుజామున బయలుదేరాం. బాగేపల్లి టోల్ దాటాక 90 పెట్టి ఒక్క చేత్తో స్టీరింగ్ మెల్లగా పట్టుకుని చూశా. కదల్లేదు. 100లోనూ అంతే. కప్పు హోల్డర్‌లో నీళ్ళ బాటిల్ కూడా నిశ్చలంగా ఉంది. అమ్మ పెనుకొండ దాకా నిద్రపోయింది.

కేఆర్‌పురం_శ్రీలత
మనసు తేలికపడింది అండీ. అమ్మగారికి పండగ శుభాకాంక్షలు.

స్పానర్‌బాబాయ్
మంచిది తమ్ముడూ. చక్రాలన్నీ ఊడదీసి వేశారు కదా, వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్ళీ బిగింపు చూపించావా?

అనంతపురం_అబ్బాయి
ఊరు చేరగానే బస్టాండు దగ్గర పంచర్ షాపులో చూపించా బాబాయ్. వెనక కుడిచక్రంలో ఒక నట్టు పావు చుట్టు తిరిగింది. మిగతావన్నీ గట్టిగా ఉన్నాయి.